గంగమ్మకు విడిచిన తొవ్వ

జుమ్మా నమాజు చదివి, టోపీ మడిచి జేబులో పెట్టుకొని, జిలానీ కామారెడ్డి బెల్లం గంజి బజారులో అడుగు పెట్టేసరికి రెండు గంటల పది నిమిషాలు. ఆయన జేబు గడియారం మాత్రం అప్పుడే రెండుంబావు దాటిందని బుకాయించింది. అది రోజూ ఏడు నిమిషాలు ముందే ఉరుకుతుంది. పోలీసు జమేదారుగా ఉన్నన్నాళ్లు ఆ గడియారం పుణ్యాన దొంగ కన్నా ముందే దొంగతనం జరిగే ఇంటికి చేరుకున్నానని జిలానీ చెప్పుకునేవాడు. ఏ ఇల్లు, ఏ దొంగ అని అడిగితే బీడీ ముట్టించేవాడు.

మేడ పునాది ముహూర్తం మూడు గంటల నలభై నిమిషాలకు. అంటే చేతిలో గంటన్నర.

ఆ గంటన్నరలో తేలవలసింది ఒక్కటే. యాకూబు ఎక్కడున్నాడు?

యాకూబు ఎల్లారెడ్డి ఊరి క్రైస్తవుడు. మట్టి పరీక్ష అతని పని. వీరేశం సేటు తాతల నాటి బెల్లం గోదాము కూలగొట్టి, ఆ జాగలో పన్నెండంతస్తుల మేడ లేపుతానన్నాడు. కామారెడ్డిలో మూడో అంతస్తు ఎక్కినవాడు కండ్లు తిరుగుతున్నాయని నిమ్మకాయ వాసన చూసే కాలం అది, పంతొమ్మిది వందల ఎనభై ఆరు. పన్నెండనేసరికి ఊరు ఊరంతా గాలిలో తేలింది. పైకెక్కి చూస్తే భిక్నూర్ దాబాలో ఎవడు రొట్టె తింటున్నాడో, తిని ఎవడు పైసలియ్యకుండా లేస్తున్నాడో కనబడుతుందని ఒకడన్నాడు. బీబీపేటలో మేసే తన బర్రెను అక్కణ్నుంచే అదిలించుకోవచ్చని ఇంకొకడు. మేడకు ఇంకా పునాది పడలేదు, దాని నీడ మాత్రం అప్పటికే సదాశివనగర్ దాకా పోయింది.

అంత బరువు మొయ్యమంటే భూమి ఏమంటుందో ముందు భూమినే అడగాలి. అడిగేవాడు యాకూబు. ఇనుప బర్మాతో ఐదు చోట్ల లోతుగా తొలిచి, అడుగడుగుకూ పైకొచ్చిన మట్టిని చెక్క పెట్టెల్లో నంబరు వేసి పెట్టాలి. సోమవారం నాలుగు చోట్ల తొలిచాడు. మంగళవారం ఐదోది. మంగళవారం సాయంత్రం ఏడు గంటల తర్వాత యాకూబును చూసిన కన్ను లేదు.

గురువారం మొదటి బస్సుకు అతని పెండ్లాం సాలవ్వ దిగింది. సైకిల్ షాపు మీద జిలానీకి ఒక గది ఉంది, రిటైరైన తర్వాత అందులో కూర్చొని పోయిన గొడ్లను, పోయిన మనుషులను వెతికిపెడుతుంటాడు. సాలవ్వ గడపలోనే నిలబడింది. ఏడవలేదు. పోలీసు స్టేషన్‌కు పోతే బొంబాయికో దుబాయికో పోయి ఉంటాడు, వారం చూడమన్నారని చెప్పింది. చివరికి ఒక్క మాట అన్నది.

"అన్నా, నన్ను మర్చిపోతడేమో గని, ఆయన బర్మను మర్చిపోడు. అది ఆ జాగలనే ఉన్నదంట."

ఆ మాట జిలానీని రాత్రంతా పండనియ్యలేదు. పనిముట్టు వదిలిపెట్టి దేశం పోయే పనోణ్ని ఆయన ఎన్నడూ చూడలేదు.

*

మేడ జాగకు వాచ్‌మన్ లస్మయ్య గేటు దగ్గర ముక్కాలి పీట మీద కూర్చొని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. యాకూబు ఎప్పుడు పోయిండని అడిగితే, మంగళవారం సాయంత్రం ఏడింటికి తనను ఛాయకు పంపారని, తిరిగి వచ్చేసరికి మనిషి లేడని చెప్పాడు. ఎవరు పంపారంటే, సేటు తాలూకు ఇంజనీరు సారట, మసక చీకట్లో ముఖం ఆనలేదట. ఛాయకు ఎంతసేపు పట్టిందంటే అరగంట. హోటల్ కూతవేటు దూరం గదా అంటే, ఛాయతో పాటు మిరపకాయ బజ్జీలు కాలేదాకా నిలబడ్డానన్నాడు. పండ్లు లేకున్నా బజ్జీలో మెత్తటి పిండి చప్పరించవచ్చని తనే వివరం ఇచ్చాడు.

పండ్ల మాట తనే ఎత్తినందుకు జిలానీకి పని సులువైంది. పొద్దున బీడీ కట్టకు సాబేరా దుకాణానికి పోతే, ఆమె నవ్వుకుంటూ ఒక ముచ్చట చెప్పింది. బుధవారం నుంచి లస్మయ్య రోజూ పావుశేరు వేయించిన పల్లీలు, చిన్న చిన్న బెల్లం పలుకులు కొనుక్కపోతున్నాడట. బెల్లం పలుకు వేలి కొస కన్నా పెద్దదైతే తిరిగిచ్చేస్తున్నాడట.

"లస్మన్నా, నోట్లె పండ్లెన్నియే?"

"ఏడియి సాబ్. పోలీసు యాక్షన్ నాటికే సగం పోయినయి."

"మరి ఆ పల్లీలు ఎవలు నములుతున్నరు?"

లస్మయ్య ముఖం మీద రంగు మారింది. పునాది గుంత వైపు చూస్తాడనుకున్నాడు జిలానీ. ముసలాయన చూపు అటు పోలేదు. గుంతకు ఇరవై అడుగుల ఇవతల, సిమెంటు బస్తాలు పెట్టిన రేకుల షెడ్డు వైపు పోయి, కాలిన చెయ్యిలా వెనక్కి వచ్చింది.

"గది అడగకు సాబ్. చెప్తే నోరు పడిపోతది. నాకు మొక్కున్నది."

జిలానీ ఇంకా అడగలేదు. చెప్పొద్దన్న నోరు కన్నా, చెప్పేసిన కన్ను నయం. షెడ్డు గుమ్మం పక్కన ఒక చెంబు బోర్లించి ఉంది. దాని కింద నేల ఇంకా తడి. ఎండలో ఆ తడి పావుగంట కూడా నిలవదు. అంటే రెండు దాటిన తర్వాత ఇక్కడెవరో నీళ్లు తెచ్చారు. సిమెంటు పెట్టిన షెడ్డులోకి తెలివున్నవాడెవడూ నీళ్లు పట్టుకొని పోడు.

రెండుముప్పై అయిదుకు జిలానీ షెడ్డులోకి అడుగు పెట్టాడు. వెనకనే ఇంకో మనిషి నీడ పడింది.

"దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మా వైపు సామెత జిలానీ గారూ."

వచ్చినవాడు పరబ్రహ్మం. హైదరాబాదు ప్రైవేటు డిటెక్టివ్. బూడిద రంగు సఫారీ, బంగారు పన్ను, వేసవిలో కూడా చెదరని క్రాపు. యాకూబు సంగతి తేల్చమని సేటే ఆయనను పిలిపించాడు. నిన్న పొద్దుటి బస్సుకు దిగి, మధ్యాహ్నానికల్లా మనిషి బొంబాయి రైలెక్కాడని తేల్చి, సాయంత్రం పత్రికల వాళ్లకు కూడా చెప్పేశాడు. భోజనం కన్నా ముందే తేన్పు తీసినట్టుందని జిలానీ అప్పుడే ఎవరితోనో అన్నాడు. ఆ మాట పరబ్రహ్మం చెవిన పడే ఉంటుంది.

"కుక్కలు మొరిగితే మొరిగినయి సారు. దొంగ ఇంకా ఇంట్లనే ఉంటే మొరుగుడు తప్పు కాదు గదా," అన్నాడు జిలానీ.

అప్పుడే తలుపు దడాలున పడింది. బయట ఇనుప గొలుసు గలగలమన్నది. తరువాత టక్కుమని తాళం పడ్డ చప్పుడు.

"గాలి అనుకుంటాను," అన్నాడు పరబ్రహ్మం.

"గాలికి తాళమేసే చేతులు ఎన్నడొచ్చినయి సారు?"

జిలానీ తలుపు బాదాడు. లస్మయ్యను పేరు పెట్టి పిలిచాడు. బయట దగ్గు వినబడింది, అడుగులు దూరం పోయాయి. ఆ తాళం ఆయన ఎరుగని తాళం కాదు. అరచెయ్యంత ఉంటుంది, పాత బెల్లం గోదాముకు వేసేది. నొక్కితే పడుతుంది, తియ్యాలంటే మాత్రం చావి కావాలి.

*

రేకుల షెడ్డు, వైశాఖం ఎండ. లోపల ఇద్దరు మనుషులు, మూడు వందల సిమెంటు బస్తాలు. రొట్టెల పెనం మీద పడ్డ ఈగలకు కూడా అంతకన్నా ఎక్కువ జాగ ఉంటుంది. కిటికీ లేదు. రేకులకూ నేలకూ మధ్య ఒక పక్క నాలుగు వేళ్ల సందు ఉంది, అంతే.

పరబ్రహ్మం ఒక బస్తా మీద రుమాలు పరవబోయి, ఆగి, అట్లనే కూర్చున్నాడు. ఆ రుమాలు ఆయన కుడి అరచేతికి చుట్టి ఉంది. బస్‌స్టాండులో ఛాయ గ్లాసు కాలిందని, అడగకముందే చెప్పాడు. తరువాత చేతి గడియారం చూసుకున్నాడు.

జిలానీకి కూర్చోవాలనిపించలేదు. షెడ్డు వెతకడానికే వచ్చాడు, తాళం పడ్డంత మాత్రాన పని ఆపవలసిన అవసరం లేదు. ఒక మూలకు ఆనించి యాకూబు బర్మా ఉంది. మనిషెత్తు ఇనుప కడ్డీ, కొసకు మెలి తిరిగిన ముక్కు. పట్టుకునే చోట గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద చెయ్యి అరిగిన గుర్తులు. దాని పక్కన చెక్క పెట్టెలు, మట్టివి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో నంబరు లేదు.

పరబ్రహ్మం తన లెక్క తాను చెప్పుకొచ్చాడు. మంగళవారం రాత్రి ఎనిమిది గంటలకు యాకూబు రైలు స్టేషన్ దగ్గర కనబడ్డాడట. చెప్పులు లేవు, దుప్పటి లేదు, మనిషి లేడు. ఇక మిగిలిందేమిటని అడిగాడు.

"బర్మా మిగిలింది."

"పాత ఇనుప ముక్క. దాని కోసం ఆగుతాడా?"

"బర్మా ఇడిసిపెట్టి, ఐదో నంబరు మట్టి పెట్టె నెత్తిన పెట్టుకొని బొంబాయికి పోయిండంటరు. ఆడ మట్టి దొరకదా సారు?"

పరబ్రహ్మం మళ్లీ గడియారం చూసుకున్నాడు. అది నాలుగోసారి. జిలానీ లెక్కపెడుతూనే ఉన్నాడు, కాని లెక్క దేనికి కలపాలో ఆయనకింకా తెలియలేదు. తాళం పడ్డ షెడ్డులో చిక్కిన మనిషి తలుపు వైపు చూడాలి. ఈయన ముల్లు వైపు చూస్తున్నాడు.

రెండు యాభై అయిదుకు ఒక చీమల బారు కనబడింది. ఒక్కొక్క చీమ నెత్తిన ఎర్రటి పల్లి పొట్టు. పెండ్లి ఊరేగింపులో గొడుగుల్లా సాగిపోతున్నాయి. అవి వస్తున్న దిక్కుకు పోయి, జిలానీ ఐదు ఖాళీ బస్తాలు పక్కకు జరిపాడు. వాటి వెనక నేలలో ఒక గూన పెంకు బోర్లించి ఉంది. పెంకు మీద పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు, ఎండిన వేపాకు. పెంకు ఎత్తితే కింద మట్టి గొట్టం మూతి, నాలుగు వేళ్ల వెడల్పు. దాని అంచుకు ఒక పల్లీ ఇరుక్కొని ఉంది.

జిలానీ ముఖం దగ్గర పెట్టాడు. ఆ నిప్పుల కొలిమిలో అక్కడ ఒక్కచోట చల్లటి గాలి వచ్చి తగిలింది. పాత నీళ్ల వాసన.

"ఈ గుంతల బాయి ఉండె గదా సారు?"

బావి లేదు గీవి లేదని, ధాన్యం దాచే పాత పాతర ఒకటి బయటపడితే బుధవారం పొద్దున ఆశన్న మేస్త్రి మనుషులతో మొరం పోయించి సాపు చేయించారని పరబ్రహ్మం చెప్పాడు. చెబుతూ లేచి, షెడ్డు రెండో కొసకు పోయి నిలబడ్డాడు. అప్పటిదాకా సభలో మాట్లాడినట్టు మాట్లాడిన గొంతు ఒక్కసారిగా గుసగుసకు దిగింది. ఆ మూల తేళ్లుంటాయని భయపడ్డాడనుకున్నాడు జిలానీ.

"పాతరకు ఎవడన్న గంగమ్మ తొవ్వ ఇడుస్తడా?"

పట్నం మనిషికి అది అర్థమయ్యే మాట కాదు. ఈ దిక్కున బావిని మూసేవాడు గంగమ్మకు ఊపిరి తీసుకొనే తొవ్వ, గాలి దారి ఒకటి, విడవకుండా మూయడు. పైన మేడ కట్టనీ, తొట్టి కట్టనీ, ఒక గొట్టం పక్కకు తెచ్చి, పసుపు పూసిన పెంకు మూత పెట్టాలి. వెనక బాన్స్‌వాడ తొవ్వన ఒక పటేలు ఇదంతా పిచ్చి అని గొట్టం లేకుండానే బావి పూడ్చాడట. అది మొదలు ఆ ఇంట్లో ఎవరు గుక్కెడు నీళ్లు తాగినా కడుపులో బొక్కెన పడ్డ చప్పుడయ్యేదట. అల్లుడు వచ్చి ఒక్కపూట అన్నం తిని, ఆ చప్పుడుకు నిద్ర పట్టక పారిపోయాడట. నిజమో అబద్ధమో పటేలుకే తెలియాలి. ఆశన్న మాత్రం అటువంటి పొరపాటు చేసే మనిషి కాదు. ఎవరు పాతర అని చెప్పినా, తడి వాసన తగలగానే అది బావేనని ఆశన్నకు తెలిసిపోయి ఉంటుంది. పునాది కింద మూసుకుపోతుందని గొట్టాన్ని షెడ్డు దాకా మళ్లించాడు. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాడూ లేడు.

జిలానీ మోకాళ్ల మీద కూర్చొని, గొట్టంలోకి మెల్లగా పిలిచాడు.

తరువాత ఎక్కడో నూతి అడుగున గింజుకుంటున్నట్టు, ఎండిన గొంతు ఒకటి.

"ఓ బాపూ... నేను పోతరాజును కాదే. యాకూబును."

*

జిలానీ జీవితంలో చాలా సాక్ష్యాలు విన్నాడు. ఆ ఒక్క మాటకు మాత్రం ఆయన రెండు చేతులూ నేలకు ఆనించవలసి వచ్చింది.

లస్మయ్య మొక్కు అప్పుడు అర్థమైంది. బుధవారం గొట్టంలోంచి మగ గొంతు వినబడితే, గంగమ్మ తమ్ముడు పోతరాజే పలుకుతున్నాడనుకున్నాడు ముసలాయన. ఆకలి, నీళ్లు అన్న రెండు మాటలే ఆయన చెవికి ఆనాయి. దేవుడు తనతో మాట్లాడిన సంగతి పైకి చెబితే నోరు పడిపోతుంది గనక నోరు మూసుకున్నాడు. నాలుగు వేళ్ల గొట్టంలో దిగేవి ఏవో ఆలోచించి, పల్లీలు, బెల్లం పలుకులు, చెంబెడు నీళ్లు పోస్తూ వచ్చాడు. మూడు రోజులు ఒక క్రైస్తవుణ్ని పోతరాజని మొక్కి బతికించాడు.

యాకూబు ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఐదో చోట నాలుగడుగులకే బర్మా చేతిలోంచి జారి ఉత్తగ దిగబడింది. తవ్వి చూస్తే బండలు, ఒక బండ జరిపితే కింద పెద్ద చేద బావి. ఈడ పన్నెండు కాదు, రెండంతస్తులు కూడా నిలువవని రాసిస్తానన్నాడు. సాయంత్రం ఇంజనీరు సారని ఒకాయన వచ్చాడు. రాసేముందు లోతు కొలవమని, తాడు తాను పట్టుకుంటానని చెప్పాడు. యాకూబు కాలు అడుగుకు తగిలిందో లేదో, తాడు సర్రున పైకి పోయింది. బండ జరిగింది. పైన కనబడే ఆకాశం ముక్క పోయింది. దిగేటప్పుడు చివర్లో పడి మడమ బెణికింది, నిలబడలేకపోతున్నాడు. బుధవారం మొరం పోసేటప్పుడు అరిచాడు గాని, పారల చప్పుడులో పైవాళ్లకు వినబడలేదు.

"గా ఇంజనీరు ఎవడు? చూస్తే గుర్తువడ్తవా?"

"మొఖం సరింగ చూడలే అన్నా, పొద్దుగూకింది. గొంతు ఇంటే సచ్చినా గుర్తువడ్త." అతనే మళ్లీ అన్నాడు. "నా నెత్తి మీది బండకు పర్రె ఉన్నదే. ఇందాకటి సంది దుబ్బ రాలుతుంది. పైన ఏం చేస్తున్నరు?"

పైన ఏం చేస్తున్నారో షెడ్డు మొత్తం వణుకుతూ చెబుతోంది. మూడు గంటల పన్నెండు నిమిషాలకు కాంక్రీటు మిషను మొదలైంది. ఆ వెంటనే డప్పులు. మూడు నలభైకి మొదటి తట్ట గుంతలో పడుతుంది. ఆ తర్వాత నూరు మంది చేతుల మీదుగా తట్ట వెంట తట్ట. పచ్చి కాంక్రీటు బరువు ఆ పగిలిన బండ మొయ్యదు. యాకూబు మీద బండ, బండ మీద పునాది, పునాది మీద పన్నెండంతస్తులు. ఇక అతణ్ని వెతకడానికి భూమినే ఎత్తాలి.

ఆయన తలుపు మీద భుజం వేశాడు, కాలు వేశాడు. రేకులు బాదాడు. డప్పు చప్పుడులో అదొక డప్పు అయిపోయింది. ఇద్దరం కలిసి అరుద్దామని పరబ్రహ్మాన్ని పిలిచాడు. పరబ్రహ్మం ముఖం సున్నం కొట్టినట్టుంది. చచ్చిపోయాడనుకున్నవాడు బతికి ఉంటే ఎవరికైనా అట్లనే ఉంటుందని జిలానీ అనుకున్నాడు. సిమెంటు దుమ్ముకు గొంతు పట్టుకుపోయిందని పరబ్రహ్మం సైగ చేశాడు. మళ్లీ గడియారం.

మూడు ఇరవై.

జిలానీ రేకు సందు దగ్గర బోర్లా పడుకున్నాడు. నాలుగు వేళ్ల లోకం కనబడింది. ఆడవాళ్ల పాదాలు, కడియాలు, సిమెంటుకు తెల్లబడ్డ మడమలు, వరసగా పెట్టిన ఖాళీ తట్టలు. అరిస్తే వినబడదు. చెయ్యి బయటికి పెడితే మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. ఒక కాగితం రాసి తోస్తే ఆ కాళ్ల వాళ్లలో చదివేవాళ్లు లేరు. చదివేవాడు సేటు మనిషే అవుతాడు.

చదవకుండానే అందరికీ అర్థమయ్యేది ఏది?

వెనక్కి పాకి, పసుపు పూసిన గూన పెంకు తీసుకున్నాడు. కుంకుమ చెదరకుండా, బొట్లు పైకి ఉండేటట్టు పట్టుకొని, సందులోంచి బయటికి నెట్టాడు. బర్మా తెచ్చి దాని కొసతో ఇంకా దూరం తోశాడు, కడియాల కాళ్ల దాకా.

పరబ్రహ్మం గుసగుసగా నవ్వాడు. "పెంకు ముక్కతో మేడ ఆపుతారా జిలానీ గారూ? ఎండ నెత్తికెక్కింది. కాస్త కూర్చోండి."

పరబ్రహ్మం తలుచుకుంటే ఆ పెంకును ఆపేవాడే. రెండడుగుల్లో వచ్చి పెంకు లాక్కోగలిగినవాడే. కాని అది ఆయన కంటికి ఉత్త పెంకు.

మూడు ఇరవై ఆరుకు కడియాల కాళ్లు ఆగాయి. మనిషి వంగింది. ఆమె భూమక్క, ఆశన్న ముఠాలో అందరి కన్నా పెద్దది. ఆ గొంతుకు డప్పులు అడ్డం రాలేదు.

"ఓ ఆశన్నా, గంగమ్మ మూత బయటపడ్డదే. ఎవడో తొవ్వ మూసిండు."

ఒక తట్ట కింద పెట్టిన చప్పుడు. దాని పక్కన ఇంకొకటి. తరువాత వరసలో చివరి దాకా, పొలంలో గాలికి పైరు వంగినట్టు, తట్టలన్నీ నేలకు దిగాయి. డప్పులు తడబడి ఆగాయి. మిషను రెండుసార్లు దగ్గి ఊరకుంది. వీరేశం సేటు బతిమాలుతున్నాడు, ముహూర్తం తప్పుతుందంటున్నాడు. ఆశన్న గొంతు మెల్లగానే ఉంది. ముందు ఆ మూత దాని జాగల పెట్టాలె, తర్వాతనే తట్ట లేస్తది, షెడ్డు తెరువుండ్రి అన్నాడు. అంతకన్నా ఎక్కువ మాట్లాడే అవసరం ఆయనకు లేదు.

ఇంతసేపూ చెదరని క్రాపు అప్పుడు చెదిరింది. పరబ్రహ్మం రేకుల మీదికి దూకి రెండు చేతులతో గుద్దాడు. దుమ్ము పట్టిన గొంతు ఏమైందో, గంట కొట్టినట్టు మోగింది.

"ఎవడ్రా పని ఆపమన్నది? పొయ్యండి. కాంక్రీటు పొయ్యమంటున్నాను, పొయ్యండి."

రేకులు మోగి ఆగాయి. మిషను లేదు, డప్పులు లేవు. ఆ నిశ్శబ్దంలో, మూత లేని గొట్టంలోంచి యాకూబు పలికాడు.

"అన్నా... గదే గొంతు. తాడు గుంజింది గాయిననే."

షెడ్డులో ఇద్దరూ కదలలేదు. బయట ఆశన్న చావి అడుగుతున్నాడు. లస్మయ్య ఏడుపు గొంతుతో జవాబు చెబుతున్నాడు. చావి తన దగ్గర లేదట. దొంగను పడుతున్నాను, నేను లోపలికి పోంగనే తాళం నొక్కు, పని అయినంక రేకు సందులకెల్లి ఇస్తా అని చెప్పి, పట్నం సారే చావి జేబులో వేసుకొని పోయాడట.

జిలానీ ఇందాకటి లెక్క అప్పుడు కలిపాడు. ముల్లు చూసిన ప్రతిసారీ, గుసగుసగా అన్న ప్రతి మాటా. ఇంజనీరూ ఈయనే, డిటెక్టివూ ఈయనే. మేడ నిలువదన్న రాత బయటికి రాకుండా మనిషిని పాతిపెట్టినవాడే, వెతకడానికీ దిగాడు. తనకు ఇంతసేపూ తోడు చిక్కుకున్నాడనుకున్నవాడు తనకు కాపలా.

పరబ్రహ్మం దాచడం మానేశాడు. కుడి చేతి రుమాలు విప్పి కింద పడేశాడు. అరచేతికి అడ్డంగా, తాడు ఒరుసుకుపోయిన ఎర్రటి చార. ఆ చెయ్యే చాచి, రేకు సందు దగ్గర జిలానీ వదిలేసిన బర్మాను అందుకున్నాడు.

"బావిలో ఒకడికి చోటుంటే ఇద్దరికీ ఉంటుంది," అన్నాడు. ఇప్పుడు గుసగుస కాదు.

జిలానీ వెనక్కి జరిగాడు. రెండడుగులకే వీపుకు బస్తాలు తగిలాయి. కాళ్ల మధ్య గొట్టం మూతి, దాంట్లోంచి చల్లటి గాలి. కింద నుంచి యాకూబు పిలుస్తున్నాడు, ఏమైందే అన్నా, ఏమైందే అని. కాలు జరిపితే గొట్టం పగులుతుంది. జిలానీ కాలు జరపలేదు.

బయట గడ్డపార తాళం మీద ఒక దెబ్బ పడింది. తాతల నాటి తాళం అది. ఇంకో మూడు దెబ్బలన్నా తింటే గాని ఊడదు.

పరబ్రహ్మం బర్మాను తల మీదికి ఎత్తాడు. ఆయనకు ఒక్క దెబ్బ చాలు.